ప్లగ్గులో జానెడు తీగ

పన్నెండేళ్ళుగా నా ట్రంకు పెట్టెలో ఒక తీగ ముక్క ఉంది. జానెడు ఉంటుంది. నల్లటిది. రెండు కొసల్లోనూ రాగి బయటికి కనిపిస్తుంది. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. దాన్ని మోయలేక మోస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాస్తున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచాను. తెరిచిన నోటితో కూరలో ఉప్పు గురించో, కుళాయి నీళ్ళ గురించో ఏదో అనేసి మూసేశాను. నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాను. ఎవరి తప్పు వాళ్ళ మొహాన చెప్పేస్తానని మా క్వార్టర్ల వరసలో నాకు పేరు. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ నోరు ఏమైపోయింది?

అక్షరాలు అరవై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఎవరు నేర్పారో కూడా చెబుతాను. అది చెప్పకపోతే ఇది సగమే అవుతుంది.

మాది ఖరగ్‌పూర్. అత్తవారు శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి రైల్వే వర్క్‌షాపులో కుదిరినవాళ్ళు. నా భర్త డ్యూటీలో ఉండగా పోతే, ఆయన బదులు నాకు ఎలక్ట్రిక్ సెక్షన్లో ఖలాసీ పని ఇచ్చారు. వేలిముద్ర వేసి చేరాను. వైర్‌మేన్ నిచ్చెన ఎక్కితే కింద పట్టుకోవడం, అడిగిన సామాను అందించడం నా పని. అందిస్తూ చూశాను. చూసి నేర్చుకున్నాను. పదేళ్ళు తిరిగేసరికి ఏది ఫేజు, ఏది న్యూట్రల్, ఏ తీగ ఏ గోడలోంచి పోతోంది, అన్నీ చెప్పగలిగేదాన్ని. వరసలో ఎవరింట్లో ఫ్యూజు పోయినా ఆఫీసులో కంప్లైంటు రాయించి రోజుల తరబడి కూర్చునేవాళ్ళు కాదు. నన్ను పిలిచేవాళ్ళు. బెంగాలీ పిల్లలకి నేను బిజ్‌లీ మాసీని. మనవాళ్ళకి కరెంటు పిన్నిని. చదువు లేకపోయినా చేతిలో విద్య ఉందని నాకు పొగరు. ఆ పొగరు గురించే ఇదంతా.

నేను రిటైరైన ఏడాది మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. నా కొడుకు గూడ్సు బళ్ళ మీద గార్డు. ఇంట్లో ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. కోడలు ఈశ్వరి జాకెట్లు కుట్టేది. ఉత్త కుట్టు కాదు, చేతులంచుల మీద సూదితో పువ్వులు వేసేది. మలంచా పేట నుంచి కూడా ఆడవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. కంప్యూటర్లో కొత్త కొత్త డిజైన్లు దొరుకుతాయని ఎవరో చెప్పారు. మనవరాలికి బడిలో కంప్యూటర్ పాఠం మొదలైంది. కావాలంటే కావాలని పట్టుబట్టింది ఈశ్వరి.

మలంచా రోడ్డు మీద దేవదానం అని ఒకతను చిన్న కంప్యూటర్ షాపు పెట్టుకుని ఉండేవాడు. నలభై ఏళ్ళ వాడు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. అతను ముందే బిగించిన పెట్టె అమ్మేవాడు కాదు. సామాన్లన్నీ విడివిడిగా తెచ్చి, మన ఇంట్లో మన కళ్ళ ముందు బిగించేవాడు. ఏ ముక్క ఎక్కడ పెట్టాడో మనం చూడాలట. చాప మీద పాత దుప్పటి పరిచి, ఆకుపచ్చ పలక లాంటి మదర్‌బోర్డు తీసి, దాని నడుమ చిన్న బిళ్ళ పెట్టి, దాని మీద గోరంత తెల్ల మందు రాసి, పైన ఫ్యాను బిగించాడు. నేను పక్కనే కూర్చుని స్క్రూలు అందించాను. పాత అలవాటు.

గుమ్మం దగ్గర వరసంతా చేరింది. ఎదురింటి బెంగాలీ వదిన, మేం బౌదీ అంటాం, తల లోపలికి పెట్టి, "కీ మాసీ, ఘరే సినేమా హాల్?" అంటూ, ఇంట్లోకే సినిమా హాలు వచ్చిందా అని నవ్వింది. ఈశ్వరి కుంకుమ భరిణె తెచ్చింది. మా వర్క్‌షాపులో విశ్వకర్మ పూజకి మిషన్లకి బొట్టు పెట్టినట్టు దీనికీ పెట్టాలని.

"బొట్టు బయట పెట్టు సెల్లెమ్మా, లోపల మదర్‌బోర్డు మీద పెట్టకు. ఆ తల్లికి పడదు" అన్నాడు దేవదానం. అందరం నవ్వాం.

దేవదానం పెట్టె తీగని ప్లగ్గులో పెట్టాక, ఈశ్వరి బొట్టు పెట్టడానికి ఇనప పెట్టెని పట్టుకుంది. చటుక్కున చెయ్యి తీసేసింది.

"అత్తా, జివ్వుమంటంది."

దేవదానం సంచీలోంచి బల్బు హోల్డరుకి రెండు తీగలు కట్టిన దీపం తీశాడు. ఒక కొస ఫేజులో, ఒక కొస ఎర్తు కన్నంలో పెట్టాడు. వెలగలేదు. పాత క్వార్టర్లు కదా, ఎర్తు తీగని మట్టిలో ఎప్పుడో తుప్పు తినేసింది. పెట్టె ఇనుము మీద చేరే కరెంటుకి మట్టిలోకి పోయే దారి లేదు. అందుకే జివ్వుమంటుంది.

"పిన్నీ, ఇది నడపడానికి నేదు. కిటికీ కింద గొయ్యి తవ్వించి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ ఎయ్యాల. అప్పుడొచ్చి సాలూ సేస్తాను" అన్నాడు. వెళ్ళే ముందు మనవరాలి నోటుబుక్కులోంచి కాగితం చింపి ఏదో రాశాడు. "జాగర్తలు రాసినాను. ఓపాలి సదవండి."

అంత మంది చూస్తున్నారు. అతనికి నా సంగతి తెలియదు. నాకు చదువు రాదంటే ఒక్క మాట. అనలేకపోయాను. కాగితం పట్టుకుని, కళ్ళు ఎడమ నుంచి కుడికి తిప్పి, "ఆ, తెలిసినవే" అన్నాను. మడిచి పెన్షను బుక్కులో పెట్టాను.

గొయ్యి నేనే మొదలుపెట్టాను. మా ఊరి నేల ఎర్ర మొరం. గునపం వేస్తే ఖణేల్‌మని తిరిగి చేతికే తగులుతుంది. మోకాలి లోతు దిగేసరికి నడుం పట్టేసింది. కూలివాణ్ణి పెడితే, కరెంటు పిన్నికి ఎర్తు వెయ్యడం చేతకాలేదంటారేమో అనిపించింది. ఎంత చిన్న ఆలోచన చూడండి. దాని మీదే నిలబడింది ఇదంతా.

సెక్షన్లో ఒక పద్ధతి ఉండేది. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే, ఎర్తు చచ్చిపోయిన ప్లగ్గుల్లో మా వైర్‌మేన్ జానెడు తీగ తీసుకుని న్యూట్రల్ని ఎర్తు పిన్నుకి కలిపేసేవాడు. అప్పుడు దీపం పెట్టి చూస్తే భేషుగ్గా వెలుగుతుంది. సాహెబు ఠీక్ హై అనేసి వెళ్ళిపోతాడు. మర్నాడు తీగ తీసేసేవాళ్ళం. "తియ్యడం మర్చిపోకు" అని ప్రతిసారీ చెప్పేవాడు. తీసిన చేతులు ఇవే. కాబట్టి తెలియక చేశానని అనడానికి లేదు. ఎందుకు తియ్యాలో పూర్తిగా తెలియకపోవచ్చు. తియ్యాలని తెలుసు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్లగ్గు విప్పాను. నల్ల తీగ కలిపాను. మూసేశాను. మోకాలి లోతు గొయ్యి కప్పెట్టి, పైన నీళ్ళు చల్లాను.

దేవదానం వచ్చి దీపం పెట్టాడు. వెలిగింది.

"తవ్వించీసినారా పిన్నీ?"

"ఆ. మట్టి కప్పీసినాం."

కిటికీలోంచి కిందికి చూశాడు. తడి మట్టి కనిపించింది. "కరెంటు పిన్ని సేతిపనికి ఇంక సూడ్డానికేటుంది" అంటూ మిగిలిన తీగలన్నీ తగిలించాడు. తెర వెలిగింది. మనవరాలు చప్పట్లు కొట్టింది. పెట్టె ఇక జివ్వుమనలేదు. చూశారా, అదే దాని మోసం. తీగ కలిపితే జివ్వుమనడం ఆగిపోతుంది. అంతా బాగైపోయినట్టు ఉంటుంది.

తియ్యాలని రోజూ అనుకున్నాను. విశ్వకర్మ పూజ వెళ్ళింది. చలి వెళ్ళింది. ఈశ్వరి రోజూ ఆ తెర ముందు కూర్చుని పువ్వులు చూసి కాగితం మీద దించుకునేది. పక్క గదిలోంచి ఆ ప్లగ్గు వైపు చూసేదాన్ని. తెల్లటి ప్లగ్గు, మూడు కన్నాలు. అది కూడా నా వైపు చూస్తున్నట్టే ఉండేది. రేపు తీస్తాను. రేపు గొయ్యి తవ్విస్తాను.

వైశాఖ మాసంలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఆ గాలికి బయట స్తంభం మీద న్యూట్రల్ తెగింది. అది తర్వాత తెలిసింది. అప్పటికి దీపాలు ఆరిపోయాయి, ఫ్యాను ఆగింది, అంతే. కంప్యూటర్ బ్యాటరీ కీచు కీచుమంటోంది. మా ఇంటి కప్పు కారడం మొదలైంది.

"అత్తా, పెట్టె మీదే కారతంది!" అని ముందు గదిలోంచి ఈశ్వరి అరిచింది.

నేను వంటింట్లో ఉన్నాను. అక్కణ్ణుంచే అన్నాను. ఏమన్నానో ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"కరెంటు నేదు గదే, బయమేటి? జరుపు."

మీకు అర్థమయ్యేటట్టు చెబుతాను. ఇంట్లోకి వచ్చిన కరెంటు తిరిగి పోయే దారి న్యూట్రల్. ఆ దారి బయట తెగితే దీపం వెలగదు. కరెంటు లేదనుకుంటాం. కాని ఫేజు లోపలే ఉంటుంది. ఆన్‌లో ఉన్న ఫ్యాను గుండా, ఫ్రిజ్జు గుండా వచ్చి, తెగిపోయిన దారి ఈ కొస దాకా నిండి నిలబడి ఉంటుంది. ఆ కొసని నేను జానెడు తీగతో ఎర్తు పిన్నుకి కలిపాను. ఎర్తు పిన్ను అంటే ఇనప పెట్టె. స్విచ్చి ఆపినా అది ఆగదు. దీపాలు లేని ఇంట్లో, తడి నేల మీద, నా మాట నమ్మి, వట్టి కాళ్ళతో నిలబడి ఈశ్వరి ఆ పెట్టెని కుడిచేత్తో పట్టుకుంది.

అరుపు వినిపించలేదు. అందుకే వెళ్ళాను. చెయ్యి పెట్టె అంచుకి అతుక్కుని ఉంది. మనిషి ఊగుతోంది. నోరు తెరిచి ఉంది, అందులోంచి ఏమీ రావడం లేదు. ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదని రాయబోయాను. అది అబద్ధం. చూసిన వెంటనే అర్థమైంది. లేకపోతే కరెంటు పోయిన ఇంట్లో మెయిన్ స్విచ్చి దగ్గరికి ఎవరైనా పరిగెత్తుతారా? నేను పరిగెత్తాను. దించాను. ఈశ్వరి పడిపోయింది.

వరసవాళ్ళు వచ్చారు. బౌదీ వాళ్ళాయన వ్యాను తెచ్చాడు. ఈశ్వరిని ఎక్కించారు. ఊపిరి ఉంది. బౌదీ నా చెయ్యి పట్టుకుని రమ్మని లాగింది.

"తలుపులేసి వస్తాను. మీరు పదండి" అన్నాను.

వ్యాను కదిలింది. నేను లోపలికి వచ్చి స్క్రూడ్రైవరు తీశాను. ప్లగ్గు విప్పాను. తీగ లాగాను. మళ్ళీ బిగించాను. చేతులు వణకలేదు. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే, చేతులు వణకకపోవడం. దారంతా ఈశ్వరి "అత్తా, అత్తా" అని నా కోసమే చూసిందని బౌదీ తర్వాత చెప్పింది. ఆ వేళకి నేను రాగి తీగ కొంగున ముడేసుకుంటున్నాను.

ఈశ్వరి బతికింది. కుడిచేతి చూపుడు వేలూ మధ్య వేలూ లోపలికి ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. ఇక సూది పట్టలేదు.

ఎవరో ఒకరి తప్పు అయితీరాలి కదా. వారం తిరక్కుండా మా తెలుగు పెద్దలు నలుగురు క్వార్టర్ ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నా కొడుకు దేవదానాన్ని పిలిపించాడు. పిలవకపోయినా వచ్చేవాడే. దీపం తెచ్చాడు. ప్లగ్గులో పెట్టాడు. వెలగలేదు. తీసి మళ్ళీ పెట్టాడు. వెలగలేదు.

"ఆ దినం ఎలిగింది పిన్నీ. మీరూ సూసినారు గదా?"

"నాకేటి తెలుస్తాది? పెట్టింది నువ్వు, సూసింది నువ్వు."

"గొయ్యి తవ్వించీసినామన్నారు..."

"నానెప్పుడన్నాను?"

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత అందరి ముందూ ప్లగ్గు విప్పాడు. వంగి లోపలికి చాలాసేపు చూశాడు. ఏ తీగా లేదు. లేచి, మెల్లగా, "తప్పుగా అనుకున్నాను పిన్నీ. మనసులో పెట్టుకోకండి" అన్నాడు. నాకు క్షమాపణ చెప్పాడండీ. నాకు.

అప్పుడైనా ఆగవలసింది. అతను ఇంకొక్క మాట అన్నాడు. "కాయితం రాసిచ్చినాను. సదివినారు గదా?"

"కాయితమంట! జీతం కాడ ఏలిముద్ర ఏసిన మనిషిని. నాకు సదువొచ్చా? ఈ వరసలో ఎవుర్నైనా అడుగు. సదువురాని ముండకి కాయితం ఇచ్చినాడంట!"

ఎవరో నవ్వారు. ఇంకొకరు నవ్వారు. అతని ముందు దాచుకున్న చదువులేనితనాన్ని అందరి ముందూ తీసి అతని మీదికే విసిరాను. కాగితం అప్పుడు నా పెన్షను బుక్కులో ఉంది. దేవదానం చేతిలోని దీపం వైపు చూసుకున్నాడు. తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయినవాడు ఎలా చూస్తాడో అలా. కరెంటు లేని ఇంట్లో మనిషిని పట్టుకున్న పెట్టె అని ఊళ్ళో మాట పాకింది. అతని చేత కంప్యూటర్ బిగింపించుకునే మనిషి లేకుండా పోయాడు. ఏడాది తిరక్కుండా షాపు మూసేశాడు. ఇప్పుడు ఫ్యాక్టరీలుండే విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఏదో గేటు దగ్గర కాపలా కూర్చుంటాడట.

మా ఇంట్లో ఆ కంప్యూటర్ ఎవరికో ఇచ్చేశాం. ప్లగ్గు కనబడకుండా దాని మీద క్యాలెండరు వేలాడదీశాం. ఏటేటా క్యాలెండరు మారుతుంది. కింద ప్లగ్గు అదే.

ఆ వానాకాలం ఈశ్వరి ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది. కూతురి నాలుగు గీతల పుస్తకం తీసుకుని, నేల మీద కూర్చుని, చిన్నపిల్లలా. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను.

"అత్తా, నువ్వూ రారాదూ? ఇద్దరం ఒకే తరగతి. నువ్వు పెయిలైతే నానూ పెయిలైపోతాను, తోడుంటాను" అంది.

నేర్చుకున్నాను. మొదట నేర్పింది 'ఈ', తన పేరులోది. తన చెయ్యి వంకర, నా చెయ్యి వంకర. ఎవరి అక్షరం ఎవరిదో తెలిసేది కాదు. ఎందుకు నేర్చుకున్నానో ఈశ్వరికి తెలియదు. దానిని సంతోషపెట్టడానికా? కాదు. నా ట్రంకు పెట్టెలో, పెన్షను బుక్కులో, దేవదానం కాగితం ఉంది.

ఏడాదిన్నర పట్టింది. ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం కూడబలుక్కుంటూ చదివాను. పూట పట్టింది. అందులో ఇలా ఉంది.

"పిన్నిగారికి. ఎర్తు గొయ్యి లేకుండా ఈ పెట్టె నడపవద్దు. కొందరు ప్లగ్గులోనే న్యూట్రల్ ఎర్తుకి కలిపేస్తారు. దీపం వెలుగుతుంది. కాని న్యూట్రల్ తెగిన రోజున పెట్టె అంతా కరెంటు అవుతుంది, మనిషి పోతాడు. తవ్వడానికి ఎవరూ దొరక్కపోతే కబురు పెట్టండి. ఆదివారం ప్రార్థన అయ్యాక నేనే వచ్చి తవ్వి పెడతాను. దేవదానం."

నేనే వచ్చి తవ్వి పెడతాను. ఆ ఒక్క వాక్యం చదవడానికి వచ్చిన చదువు నాది.

ఇది చదివాక ఇంకో భయం పట్టుకుంది. ఇంత తెలిసినవాడు ఆ రోజు ప్లగ్గు విప్పి, వంగి, అంతసేపు ఏం చూశాడు? తీగ లాగిన చోట రాగి కొత్తగా మెరుస్తూ ఉండాలి. చూశాడా? చూసి ఊరుకున్నాడా? బస్సులో కనిపిస్తే లేచి నాకు చోటిస్తాడు. ప్రతిసారీ ఒకటే అడుగుతాడు. "సెల్లెమ్మ సెయ్యి ఎలాగుంది పిన్నీ?" అడిగి, నేను జవాబు చెప్పేదాకా నా కళ్ళలోకే చూస్తాడు. నేను ముందు స్టాపులోనే దిగిపోతాను.

ఇన్నేళ్ళు ఊరుకున్నదాన్ని ఇవాళ ఎందుకు రాస్తున్నాను? ముందు గదిలో కొత్త కంప్యూటర్ వచ్చి కూర్చుంది. మనవరాలు కాలేజీలో చేరింది, బట్టల మీద బొమ్మలు వేసే చదువు. తల్లి వేలు ఆగిన చోట కూతురు మొదలుపెట్టింది. పెట్టె ఇంకా విప్పలేదు. ఈశ్వరి దాని దగ్గరికి పోవడం లేదు, తుడిచేటప్పుడు కూడా చుట్టూ తిరిగి పోతోంది. పొద్దున క్యాలెండరు తీసి పక్కన పెట్టింది. ఆ మూడు కన్నాలు మళ్ళీ బయటపడ్డాయి.

"అత్తా, ఆ ప్లగ్గు నువ్వు సూసి సరే అంటేనే పెడతాం. నువ్వు సూస్తే నాకు బయం నేదు" అంది.

ఆ మాట అని కూతుర్ని తీసుకుని గోల్ బజార్ వెళ్ళింది. నేను కాగితాలు తీసుకుని కూర్చున్నాను.

మీకు చెప్పగలిగితే ఈశ్వరికీ చెప్పగలనని మొదలుపెట్టాను. నోటితో చెప్పలేను. ఈ కాగితాలు కొత్త పెట్టె మీద పెడుతున్నాను. పైన దేవదానం రాసిన కాగితం, దాని మీద నల్ల తీగ. విప్పాలంటే ముందు వీటిని తియ్యాలి.

ఈశ్వరీ, ఆ ప్లగ్గు నేను చూడను. నన్ను నమ్మి దేన్నీ తగిలించకు. దేవదానాన్ని పిలిపించు. వస్తాడో రాడో. వస్తే దీపం వెలిగిందని ఊరుకోవద్దను. కిటికీ కింద తవ్వి చూడమను. అక్కడ మోకాలి లోతుకి మించి ఏమీ లేదు.

తీగ కలిపింది నేను. జరపమన్నది నేను. నిన్ను వ్యానులో పంపేసి తీగ దాచింది నేను. క్షమించమని రాయడం లేదు. రాయడం వచ్చు, అయినా రాయడం లేదు.

గేటు దగ్గర ఆటో ఆగింది. మనవరాలి నవ్వు వినిపిస్తోంది. పన్నెండేళ్ళలో మొదటిసారి లేచి వంటింట్లోకి పోవాలనిపించలేదు. ఇక్కడే కూర్చుంటాను.

కింద పేరు పెట్టడం లేదు. ఈ వంకర 'ఈ' ఎవరి చేతిదో తనకి తెలుసు. నేర్పింది తనే.